తడిసిన అద్దం వెనక నగరం

బయట వాన. కారు అద్దం మీద చినుకులు జారుతున్నాయి. లోపల కథానాయిక. ఆమె ముఖం సగమే కనిపిస్తోంది. తక్కిన సగం మీద వీధి దీపాలూ, దుకాణాల బోర్డులూ, ముందు పోయే బండ్ల ఎర్ర లైట్లూ పాకి పోతున్నాయి. మాటల్లేవు. సంగీత దర్శకుడు ఒక్క వయొలిన్‌ను మాత్రం వదిలిపెట్టాడు. అంతవరకూ ఈలలతో హోరెత్తించిన కుర్రాళ్ళు కూడా ఓ క్షణం గమ్మునైపోయారు!

ఈ షాటు మీకు కొత్త కాదు. తెలుగులో చూశారు, తమిళంలో చూశారు, హిందీలో చూశారు. ఈ మధ్య పెళ్ళి వీడియోల్లో కూడా చూస్తున్నారు. అప్పగింతలైన పెళ్ళికూతుర్ని కారెక్కించి, అద్దం మీద ఓ చెంబెడు నీళ్ళు చల్లి మరీ తీస్తున్నారు! ఇంతకీ ఆ షాటులో ఉన్నదేమిటి? కథాపరంగా చూస్తే ఏమీ లేదు. ఓ అద్దం, కాసిని నీళ్ళు, కొంచెం వెలుగు... అంతే.

ఆ మూడింటినే నమ్ముకుని, న్యూయార్క్ నగరంలో ఒకే పేటలో అరవై ఏళ్ళు తిరిగిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు సాల్ లైటర్. (పేరులోనే లైటుంది, గమనించారా?) ఆయన సినిమావాడు కాదు. ఏ స్టూడియో గడపా తొక్కలేదు. ఐనా ఈనాటి ఛాయాగ్రాహకులు చాలామంది ఆయన ఫొటోల పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని షాట్లు ఆలోచిస్తారంటే అతిశయోక్తి కాదు. తమాషా ఏమిటంటే, ఆ రంగుల ఫొటోలలో పేరుమోసినవన్నీ ఎప్పుడో 1950 ప్రాంతాల్లో తీసినవి. లోకం వాటిని పుస్తకంగా చూసింది 2006లో! మధ్యలో యాభై ఏళ్ళు అవి ఎక్కడున్నాయి? ఎందుకున్నాయి? అసలు కథ అక్కడే ఉంది.

ముందు సినిమా సంగతి

2015లో 'కేరొల్' అనే ఇంగ్లీషు చిత్రం వచ్చింది. టాడ్ హేన్స్ దర్శకుడు, ఎడ్ లాక్‌మన్ ఛాయాగ్రాహకుడు. కేట్ బ్లాంచెట్, రూనీ మారా నాయికలు. ఇద్దరూ నాయికలే, ఎందుకంటే కథ వాళ్ళిద్దరి మధ్య పుట్టిన ప్రేమ గురించి. కాలం 1950ల మొదలు. ఆ రోజుల్లో అలాంటి ప్రేమను అమెరికాలో కూడా పైకి చెప్పుకునే వీలు లేదు. సంసారాలు కూలతాయి, తల్లికి బిడ్డ దూరమవుతుంది. కనుక ఆ ఇద్దరూ మనసులో మాట చెప్పుకోలేరు. మరి తెర మీద దాన్ని చూపించడం ఎలా?

హేన్స్, లాక్‌మన్ కలిసి వెతికి పట్టుకున్న ఉపాయం సాల్ లైటర్ ఫొటోలు. ఈ మాట వాళ్ళు దాచుకోలేదు, ఇంటర్వ్యూల్లో పేరు పెట్టి మరీ చెప్పారు. (ఇతరుల షాట్లు ఎత్తి తెచ్చి 'అంతా నా కలలోకి వచ్చింది' అనే మహానుభావులు కొంచెం వినాలి.) హెలెన్ లెవిట్, రూత్ ఆర్కిన్ లాంటి ఇతర ఫొటోగ్రాఫర్ల పేర్లూ చెప్పారుగానీ, సినిమా చూస్తే ఎక్కువగా కనిపించేది లైటరే.

ఆ సినిమాలో మనుషుల్ని తిన్నగా చూపించే షాట్లు తక్కువ. కారు అద్దం బయటినుంచి చూపిస్తారు. హోటలు కిటికీలోంచి చూపిస్తారు. తలుపు సందులోంచి, గోడ చాటునుంచి చూపిస్తారు. అద్దం మీద ఆవిరో, వాన చుక్కలో, ఎదుటి భవనం నీడో అడ్డంగా ఉంటుంది. మన బెంచీ క్లాసులో ఐతే 'ఆపరేటరూ, ఫోకస్!' అని కేక వేసేవాళ్ళు. కాని పది నిమిషాలు ఓపిక పడితే విషయం బోధపడుతుంది. ఆ అద్దమే ఆ ఇద్దరి మధ్య ఉన్న లోకం. అవతలి మనిషి కనిపిస్తోంది, చేతికి అందదు. డైలాగు రాసే పని తప్పింది!

ఇంకో విశేషం. కథ న్యూయార్క్‌లో జరుగుతుంది, షూటింగ్ జరిగింది మాత్రం 2014లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో. డిజిటల్ కెమెరా వాడకుండా సూపర్ 16 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు. చిన్న ఫిల్ము గనక పెద్ద తెర మీద రవ్వలు రవ్వలుగా కనిపిస్తుంది. పాత ఫొటోలో ఉండే ఆ నలుసుదనం కోసమే ఈ పని. లాక్‌మన్‌కు ఆ ఏడు ఆస్కార్ నామినేషన్ వచ్చింది, బహుమతి మాత్రం 'ది రెవెనెంట్'కు పోయింది.

గురువు కావలసినవాడు

సాల్ లైటర్ 1923 డిసెంబరు 3న అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి యూదు మత పండితుడు. మన వైపు వేదం చదువుకున్న ఘనపాఠి ఇంట్లో పుట్టినట్టనుకోండి. కొడుకు కూడా మత గురువే కావాలి, అందులో రెండో మాట లేదు. కుర్రాణ్ణి వేద పాఠశాల లాంటి చోటికే పంపారు. ఐతే పన్నెండో ఏట తల్లి ఆ పిల్లాడి చేతిలో డెట్రోలా అనే చిన్న కెమెరా పెట్టింది. ఎందుకు పెట్టిందో గాని, కొంప ముంచేసిందావిడ!

1946లో చదువు వదిలేసి న్యూయార్క్ చేరారు. ఫొటోగ్రాఫర్ కావాలని కాదు సుమా, చిత్రకారుడు కావాలని. ఇంటితో తెగతెంపులైనంత పనయింది. కొడుకు ఎన్నుకున్న దారిని తండ్రి ఎప్పుడూ మెచ్చుకోలేదు. సినిమాల్లో చేరతానంటే ఇల్లు విడిచి మద్రాసు రైలెక్కాల్సి వచ్చినవాళ్ళ కథలు మనం ఎన్ని వినలేదు! ఆ బాధ భాష మారినా మారదు.

న్యూయార్క్‌లో రిచర్డ్ పౌసెట్-డార్ట్ అనే చిత్రకారుడు స్నేహితుడయ్యారు. ఆయనే ఫొటోగ్రఫీ వైపు మళ్ళించారు. ఫొటోగ్రఫీలో దిగ్గజం యూజీన్ స్మిత్‌తోనూ పరిచయమైంది. స్మిత్ తీసిన ప్రింట్లు కొన్ని లైటర్ దగ్గరుంటే, వాటిని మారకం వేసి ఒక లైకా కెమెరా సంపాదించారు. 1948లో అందులో రంగుల ఫిల్ము ఎక్కించారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇవాళ రంగు అంటే మనకు వింత లేదు. ఆ రోజుల్లో 'కళ' అంటే నలుపు తెలుపే. రంగు అంటే సబ్బుల ప్రకటనలకూ, కాలెండర్లకూ, కుటుంబంతో పోయే విహారయాత్రలకూ. వాకర్ ఎవాన్స్ అంతటి పెద్దాయన రంగుల ఫొటోగ్రఫీ మోటు అని ఈసడించారు. (ఆ ఎవాన్సే చివరి రోజుల్లో పోలరాయిడ్ కెమెరా పట్టుకుని ముచ్చటగా రంగుల బొమ్మలు తీశారు, అది వేరే సంగతి.) న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో విలియం ఎగుల్‌స్టన్ రంగుల ఫొటోలు పెడితే పెద్ద రభస జరిగింది 1976లో. అంటే లైటర్ మొదలుపెట్టిన ఇరవై ఎనిమిదేళ్ళకు!

అద్దానికి రెండు ముఖాలు

లైటర్ ఫొటోల్లో ఏముంటుందో చెప్పడం కష్టం. 'స్నో' అని 1960లో తీసినదొకటి ఉంది. ఫ్రేమంతా ఆవిరి పట్టిన కిటికీ అద్దం. నీటి ధారలు కిందికి జారిన చోటల్లా చారలు పడ్డాయి. ఆ చారల వెనక ఓ మనిషి. ముఖం లేదు, ఆకారమే. మంచు పడుతున్న వీధి మసక మసకగా కరిగిపోయినట్టుంటుంది. నీటి రంగులతో వేసిన బొమ్మ అని పందెం కాసి చెప్పేవాళ్ళు ఉంటారు. కాదు, నిఖార్సయిన ఫొటో. గారడీలు ఏమీ లేవు.

'కెనపీ' అని 1958 నాటిది ఇంకా వింత. ఫ్రేములో చాలా భాగం వట్టి నలుపు! అది తల మీద వేలాడుతున్న గుడ్డ పందిరి. కింద మిగిలిన కాస్త చోటులోనే మంచు కురిసిన వీధి, నడిచే మనుషులు. 'త్రూ బోర్డ్స్' అని 1957లో తీసినదాంట్లో చెక్కల మధ్య సన్నని చీలిక ఉంటుంది, నగరమంతా ఆ చీలికలోనే. 'టాక్సీ'లో కారు కిటికీ దగ్గర ఓ చెయ్యి తప్ప మనిషి జాడ లేదు. ఆ చెయ్యి ఎవరిది, ఎక్కడికి పోతోంది... ఎవరి కథ వాళ్ళు రాసుకోవచ్చు.

ఇలా ఎందుకు తీసినట్టు? కావాలని తీశారన్నది నిజమే. బొనార్, వుయ్యార్ లాంటి ఫ్రెంచి చిత్రకారులన్నా, జపాను చెక్క అచ్చు బొమ్మలన్నా ఆయనకు ప్రాణం. ఆ బొమ్మల్లో ఖాళీ చోటుకు ఖాళీ అని చిన్నచూపు ఉండదు. కాని నా మట్టుకు నాకు, సగం కారణం డబ్బాలో ఉన్న ఫిల్మేనని అనిపిస్తుంది. ఆనాటి కోడాక్రోమ్ స్పీడు 10. ఇవాళ మీ చేతిలోని సెల్‌ఫోను చీకటి పడితే వేలల్లోకి పోతుంది. అంత మందకొడి ఫిల్ముతో సాయంత్రం వానలో ఫొటో తియ్యాలంటే లెన్సు పూర్తిగా తెరవాలి. లెన్సు తెరిస్తే ఒక్క పొరే స్పష్టంగా ఉంటుంది, ముందూ వెనకా అన్నీ అలుక్కుపోతాయి. దానికి తోడు ఆయన దూరపు లెన్సులు వాడేవారు. అవి వీధి అవతల ఉన్నదాన్ని లాక్కొచ్చి అద్దానికి అతికించినట్టు చూపిస్తాయి. పైగా గడువు తీరిన ఫిల్ము కొనేవారు, చవక గనక. అందులో రంగులు తమకు తోచినట్టు మారిపోతాయి. మరొకరైతే పారేసేవారు. ఈయన ఆ మార్పును చూసి మురిసిపోయారు.

అద్దం సంగతి కూడా కొంచెం తెలుసుకుంటే మజాగా ఉంటుంది. మామూలు కిటికీ అద్దం తన మీద తిన్నగా పడిన వెలుగులో నూటికి 8 వంతులు వెనక్కి కొడుతుంది. తక్కినది చాలా భాగం లోపలికి పోనిస్తుంది. 8 వంతులంటే ఏపాటి? కాని పగటి పూట బయట వెలుగు ఎంతో ఎక్కువ, కొట్టు లోపల చీకటి. అప్పుడు ఆ 8 వంతులే లోపలి దృశ్యాన్ని ఓడించేస్తాయి. అందుకే మధ్యాహ్నం బట్టల కొట్టు అద్దంలో చీరె కన్నా ముందు మీ మొహమే కనిపిస్తుంది! సాయంత్రం కొట్లో దీపాలు వెలిగాక ఇది తారుమారు. ఈ రెండూ సరితూగే కాసిని నిమిషాలు కొన్ని ఉంటాయి. అప్పుడు బయటి వీధీ, లోపలి బొమ్మా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ప్రతిబింబాలు తీసేవాళ్ళకు అదే అమృత ఘడియ.

నీటిది ఇంకో మాయ. పొడి రోడ్డు గరుకుగా ఉంటుంది గనక దీపం వెలుగును అన్ని వైపులకూ చిమ్మేస్తుంది. వాన పడితే గుంటలన్నీ నీటితో నిండి పైన నునుపు తేలి, రోడ్డు అద్దమైపోతుంది. అందుకే రాత్రి సీను తీసే ముందు వాటర్ ట్యాంకరు తెప్పించి రోడ్డు తడుపుతారు మనవాళ్ళు. కథలో వాన లేకపోయినా సరే! చెరువులో చిన్న చిన్న అలలుంటే ప్రతి అలా ఒక్కో వాలులో దీపాన్ని చూపిస్తుంది, కనుక ఒక్క దీపం పొడవాటి వెలుగు స్తంభమై మన వైపు సాగుతుంది. ట్యాంక్‌బండ్ మీద రాత్రి నిలబడి హుస్సేన్‌సాగర్‌ను చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు.

వానే హీరో!

నీళ్ళనూ వెలుగునూ నాయికానాయకులుగా పెట్టి చిత్రాలు తీసినవాళ్ళు లైటర్ కంటే ముందే ఉన్నారు. 1929లో హాలెండుకు చెందిన జోరిస్ ఈవెన్స్, మానస్ ఫ్రాంకెన్ కలిసి 'రేఖెన్' అనే మూకీ తీశారు. అంటే 'వాన' అని అర్థం. పావుగంట కూడా ఉండదు. కథ లేదు, నటులు లేరు. ఆమ్‌స్టర్‌డామ్‌ నగరం మీదికి వాన వచ్చింది, కురిసింది, వెళ్ళిపోయింది. కాలవలో మొదటి చినుకు, ఒకదాని వెంట ఒకటి విచ్చుకునే గొడుగులు, ట్రాము అద్దం, చూరు నీళ్ళు... అంతే. ఒకే వానలా కనిపించే ఆ చిత్రం కోసం కొన్ని నెలల పాటు ఎన్నో వానలు పోగుచేశారు. ఈవెన్స్ నిద్రపోయేటప్పుడు కూడా కెమెరా మంచం పక్కనే పెట్టుకునేవారట, మెలకువ వచ్చేసరికి వాన పడుతుంటే వదులుకోకూడదని!

అదే ఏడు అమెరికాలో రాల్ఫ్ స్టైనర్ అనే ఫొటోగ్రాఫర్ 'హెచ్ టూ ఓ' అని తీశారు. మొదట మామూలు నీళ్ళే, వాన, కొళాయి, ప్రవాహం. పోను పోను కెమెరా నీటికి దగ్గరౌతుంది. చివరికి అది నీరని కూడా తెలియదు. నల్లటి, తెల్లటి గీతలు నాట్యం చేస్తుంటాయి. దీనికి 'ఫొటోప్లే' పత్రిక బహుమతి ఇచ్చింది. ఫొటోప్లే అంటే ఏమిటనుకున్నారు? అచ్చం మన వారపత్రిక లాంటిదే, తారల ముచ్చట్లు వేసే సినిమా పత్రిక! మన జాతి మరీ అంత తీసిపోయింది కాదన్నమాట.

మనవాళ్ళ సంగతికొస్తే, నీటి మీద వెలుగు అనగానే ఏ తెలుగువాడికైనా గుర్తొచ్చేది 1957 నాటి 'మాయాబజార్' పడవ పాట. తాతల కాలం నుంచి మనవళ్ళ దాకా ఆ వెన్నెల చూసి మైమరచిపోనివారు లేరు. ఐతే అది ఆకాశంలోని చంద్రుడు పంపిన వెన్నెల కాదు, మార్కస్ బార్‌ట్లే దీపాలతో అల్లిన వెన్నెల. ఆనాటి ఫిల్ముకు నిజమైన వెన్నెల ఆనదు మరి! అసలు వెన్నెలలో నీళ్ళు ఎలా మెరుస్తాయో కంటితో చూసి, దాన్ని దీపాలతో మళ్ళీ పుట్టించగలగడమే ఆయన ఘనత. అక్కడ న్యూయార్క్‌లో లైటర్ ఫిల్ము చాలక ఉన్న వెలుగుతోనే సర్దుకుపోతున్న ఏడాదీ అదే. ఒకరికి దర్శకుడు కె.వి. రెడ్డి, విజయా సంస్థ, లైట్లు మోసే పెద్ద బృందం అండగా ఉన్నారు. ఇంకొకరికి ఒక లైకా, రెండు కాళ్ళు.

పెట్టెల్లో యాభై ఏళ్ళు

ఆయన్ను ఎవరూ గుర్తించలేదు అని రాసేస్తే కథ రక్తి కడుతుంది గాని, అది పూర్తి నిజం కాదు. 1953లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఎడ్వర్డ్ స్టైకెన్ కొత్తవాళ్ళ ప్రదర్శన పెడితే అందులో లైటర్ నలుపు తెలుపు ఫొటోలున్నాయి. 1957లో అదే స్టైకెన్ రంగుల ఫొటోగ్రఫీ గురించి ప్రసంగిస్తూ లైటర్ స్లైడ్లు 20 దాకా తెర మీద వేసి చూపించారు. 1958 నుంచి 'హార్పర్స్ బజార్' లాంటి ఖరీదైన ఫ్యాషన్ పత్రికలు పని ఇచ్చాయి. కళా దర్శకుడు హెన్రీ వుల్ఫ్ ఆయనంటే ఇష్టపడ్డారు. మోడల్‌ను కూడా అద్దం వెనకా, జనం చాటునా నిలబెట్టి తీశారంటే చూడండి, బుద్ధి మారలేదు! ఆ పనితోనే జీవితం గడిచింది.

కాని వీధుల్లో తనకోసం తీసుకున్న రంగుల స్లైడ్లున్నాయే, అవి మాత్రం పెట్టెల్లోనే ఉండిపోయాయి. స్నేహితులొస్తే ప్రొజెక్టరు పెట్టి గోడ మీద వేసి చూపించేవారు. దీపం ఆర్పేస్తే బొమ్మ మాయం.

దీని గురించి రాసేవాళ్ళంతా ఒక మాటే రాస్తారు: ఆయన కీర్తి కోరని యోగి, ఋషి అని. నిజమే, పేరు కోసం పాకులాడిన మనిషి కాదు. ఫలానా ప్రముఖుడి ఫొటో కంటే వాన చినుకులు పట్టిన కిటికీయే తనకు ఎక్కువ ఆసక్తి అని చెప్పారాయన. (మా బోటి సినిమా విలేకరుల పొట్ట కొట్టే మాట కదూ ఇది!) కాని ఋషి అనేసి చేతులు దులుపుకోవడం నాకు రుచించదు. రంగుల ప్రింటు వేయించడం ఆ రోజుల్లో ఎంతో ఖర్చుతో కూడిన పని. స్లైడు చిన్నది, తపాలా బిళ్ళ కంటే కొంచెం పెద్దది. దాన్ని గోడకు తగిలించే బొమ్మగా మార్చాలంటే డబ్బు కావాలి. డబ్బున్నవాడి సంయమనం వేరు, అద్దె కట్టవలసినవాడి సంయమనం వేరు.

1981లో ఫిఫ్త్ ఎవెన్యూలోని స్టూడియో కూడా మూసేయాల్సి వచ్చింది. ఫ్యాషన్ పని తగ్గింది, రాబడి పడిపోయింది. అప్పుడాయనకు 57 ఏళ్ళు. ఆ తరవాత పన్నెండేళ్ళకు, 1993లో, ఇల్‌ఫర్డ్ కంపెనీ సాయం చేస్తే కొన్ని రంగుల ప్రింట్లు వేయగలిగారు. 2006లో జర్మనీకి చెందిన స్టైడిల్ ప్రచురణ సంస్థ 'ఎర్లీ కలర్' పేరుతో పుస్తకం వేసింది. అప్పటికి ఆయన వయసు 82!

ఆ పుస్తకంతో తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. 2008లో పారిస్‌లో, 2012లో హాంబర్గ్‌లో ప్రదర్శనలు. ఆయన పోయాక 2017లో టోక్యోలో పెడితే జనం వెల్లువలా వచ్చారు. రంగుల ఫొటోగ్రఫీ చరిత్రను మళ్ళీ సర్దుకోవలసి వచ్చింది. ఐతే ఒక్క లెక్క వేసుకోండి. ఆయన 1981 నాటికే కన్ను మూసి, ఆ గదిని ఖాళీ చేయించే ఇంటి యజమాని ఆ పెట్టెల్ని చెత్త బండిలో వేయించి ఉంటే? 'కేరొల్'లో ఆ అద్దాలు ఉండేవి కావు. కనీసం అలా ఉండేవి కావు. ఏ యోగం వల్లో నిలిచాయి గాని, ఎవరో జాగ్రత్త పడినందువల్ల మాత్రం కాదు.

మీ చేతిలో ఫోనుంటే

ఈ వ్యాసం చదివేవాళ్ళలో సగం మందైనా రేపు వాన పడగానే ఫోను తీస్తారని తెలుసు. మంచిదే! ఫొటో తీసే ముందు రెండు ముక్కలు. అద్దంలో ప్రతిబింబం స్పష్టంగా రావాలంటే ఫోకస్ అద్దం మీద పెట్టకూడదు. మీరు అద్దానికి ఒక మీటరు దూరంలో ఉండి, వెనక చెట్టు అద్దానికి పది మీటర్ల దూరంలో ఉంటే, ఆ చెట్టు నీడ మీకు పదకొండు మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. ఫోకస్ అక్కడ. అద్దం మీద చుక్కలు కావాలంటే ఒక మీటరు దగ్గర. రెండూ ఒకేసారి ఫోను ఇస్తుంది, చిన్న లెన్సు గనక. అదే చిక్కు కూడా. అన్నీ స్పష్టంగా ఉంటే లైటర్ మాయ రాదు. అద్దానికి బాగా దగ్గరగా వెళ్ళి చుక్కల మీద వేలు పెట్టండి, వెనక నగరం దానంతటదే కరిగిపోతుంది.

వాన ధారలు కనిపించాలంటే దీపం వాటి వెనక ఉండాలి, మీ వెనక కాదు. మన వాన పాటల్లో కెమెరామన్ వెనకనుంచి పెద్ద లైటు వేయించేది ఇందుకే. లేకపోతే హీరోయిన్ తడుస్తుంది గాని వాన ఎక్కడుందో ప్రేక్షకుడికి తెలియదు!

నిలువు ఫ్రేము గురించి కూడా ఒక మాట. లైటర్ చాలావరకు కెమెరాను నిలువుగా పట్టుకుని తీశారు. సినిమా తెర అడ్డం గనక లాక్‌మన్‌కు ఆ వీలు లేదు. అందుకని తలుపు రెక్కతోనో గోడతోనో తెరలో సగం మూసేసి, మిగిలిన సందులో మనిషిని నిలువుగా ఇరికించారు. మీ ఫోను మాత్రం పుట్టుకతోనే నిలువు.

ఇంటి నిండా పెట్టెలు

లైటర్‌ను చూడాలనుకునేవాళ్ళకు ఒక డాక్యుమెంటరీ ఉంది. టామస్ లీచ్ తీసిన 'ఇన్ నో గ్రేట్ హర్రీ'. పేరుకు అర్థం 'పెద్ద తొందరేమీ లేదు' అని. సినిమా కూడా అలాగే నడుస్తుంది, ఫైటింగులు కోరేవాళ్ళు దూరంగా ఉండటం మేలు. ఓ ముసలాయన, ఇంటి నిండా పెట్టెలు, కాగితాలు. తాను గొప్పవాణ్ణి కాదని గొణుగుతూ, కెమెరా పట్టుకున్నవాణ్ణి ఆట పట్టిస్తుంటారు. నవ్వొస్తుంది.

మధ్యలో నవ్వు ఆగిపోయే చోటొకటుంది. సోమ్స్ బాంట్రీ అని, ఒకప్పుడు మోడల్, తరవాత చిత్రకారిణి. దశాబ్దాల పాటు ఆయనకు తోడుగా బతికిన మనిషి. 1958లో తీసిన 'వాకింగ్ విత్ సోమ్స్' ఆమె పేరు మీద ఉన్నదే. ఆమె 2002లో పోయింది. 'ఎర్లీ కలర్' రావడానికి నాలుగేళ్ళ ముందు. ఆ పేరు ప్రతిష్ఠలేవీ ఆమె చూడలేదు. ఆమె ఉన్న ఫ్లాటులో సామాన్లు సర్దడానికి ఈయన పూనుకుంటారు. ఒక పెట్టె తెరుస్తారు, ఏదో దొరుకుతుంది, దాన్ని చూస్తూ ఉండిపోతారు. పని ముందుకు సాగదు. ఏ హీరో ఏడ్చినా నాకు అంత బరువుగా అనిపించలేదు.

2013 నవంబరు 26న, తొంభయ్యో పుట్టినరోజుకు వారం ముందు సాల్ లైటర్ కన్నుమూశారు. 1952 నుంచి ఉన్నది ఆ ఈస్ట్ టెన్త్ స్ట్రీట్‌లోనే. ఆయన పేరుతో ఏర్పడిన ఫౌండేషన్‌వాళ్ళు ఆ ఇంట్లోని పెట్టెలు ఒక్కొక్కటే తెరిచారు. వేలకు వేలు స్లైడ్లు, ఎవరూ చూడనివి. వాటిలోంచి ఏరి 2022లో 'ది అన్‌సీన్ సాల్ లైటర్' అనే పుస్తకం తెచ్చారు. వాన అద్దాలు, గొడుగులు, మంచులో ఎర్ర రంగు ఒక చుక్క... కొన్ని ఏ వీధివో, ఏ ఏడాదివో చెప్పగలిగినవాడు లేడు.